నేను ఆయన్ని కాను

పోయిన నెలలో ఒకరోజు పొద్దున ఇద్దరు విద్యార్థులు మా దుకాణానికి వచ్చి, "అక్కా, సార్‌ది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చెయ్యాలె" అంటూ ఫోన్లో ఒక ఫొటో చూపించారు. రీజనింగ్ సార్. ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, పేరు ఏ స్పెల్లింగుతో వెయ్యాలో వాళ్లని అడగకుండానే కొట్టేశాను. ఆయన పేరు నేను టైపు చేసినన్ని సార్లు వాళ్లమ్మ కూడా పిలిచి ఉండదు.

ఆ పేరు ఇక్కడ రాయను. చాలా మామూలు పేరది. నారాయణగూడ చౌరస్తాలో నిలబడి గట్టిగా పిలిస్తే ఇద్దరు వెనక్కి తిరుగుతారు, ఒకాయన బండి ఆపి "నన్నేనా?" అంటాడు. అంత మామూలు పేరు కూడా ఒకసారి కాగితం ఎక్కితే ఎంత దూరం వెళ్తుందో, తిరిగొచ్చి ఎవరి తలుపు కొడుతుందో చూసినదాన్ని. మా వీధిలో అందరికీ ఆయన రీజనింగ్ సారే. ఇక్కడా అంతే.

మాది అశోక్‌నగర్‌లో జిరాక్సు, టైపింగు దుకాణం. ఇల్లు చిక్కడపల్లి. దుకాణం మీద రెండో అంతస్తులో సర్కారు ఉద్యోగాల కోచింగ్ సెంటర్ ఉండేది. సార్ అక్కడ రీజనింగ్ చెప్పేవారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఇచ్చిన రెండు మూడు వాక్యాలను బట్టి ఏ నిర్ణయానికి రావచ్చో, ఏ నిర్ణయానికి రాకూడదో కనిపెట్టే పేపరు అది. "కాకులన్నీ నల్లనివి. ఈ పక్షి నల్లనిది. కాబట్టి ఇది కాకి." అవునా, కాదా? కాదు. నల్లగా ఉన్నంత మాత్రాన కాకి అయిపోదు. ఇంత చిన్న సంగతి నేర్పడానికి ఆయన మూడు నెలలు తీసుకునేవారు. "ఇది బుర్రకెక్కితే నౌకరీ రాకున్నా ఫికర్ లేదు, మనిషి అయితడు" అనేవారు.

మహబూబ్‌నగర్ జిల్లాలో సర్కారు బడిలో లెక్కల పంతులుగా చేసి, రిటైరై, నారాయణగూడలో ఒక కిరాయి ఇంట్లో భార్యతో ఉండేవారు. పాత స్కూటర్ మీద వచ్చేవారు. స్కూటర్ దిగేవారు గానీ హెల్మెట్ తీయడం మరిచిపోయేవారు. హెల్మెట్‌తోనే మెట్లెక్కేవారు, హెల్మెట్‌తోనే నా ముందు కూర్చుని ఉత్తరం చెప్పేవారు. లోపల్నుంచి మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. "సార్, టోపీ" అంటే ఉలిక్కిపడి తీసి ఒళ్లో పెట్టుకునేవారు, ఎవరిదో పసిపిల్లని ఎత్తుకున్నట్టు.

మాటల్లో ఆయన దగ్గర ఎవరూ తేలిగ్గా బయటపడేవారు కాదు. పండ్ల తోపుడుబండి ఆమె "అన్నీ తీయటియే సార్" అంటే, ఆయన సపోటాపండు చేతిలో పట్టుకుని, "అన్నీనా అమ్మా, కొన్నా? మంచిగ ఆలోచించి చెప్పు" అనేవారు. ఆమె మొదట్లో చిరాకుపడేది. తర్వాత తర్వాత ఆయన్ని చూడగానే, "కొన్ని తీయగున్నయి, కొన్నిటి సంగతి దేవునికెరుక" అనడం నేర్చుకుంది. ఆయన సంతోషంగా ఒక కిలో కొనేవారు.

చౌరస్తా దగ్గర టీ కొట్టు అన్న కూడా మహబూబ్‌నగర్ వైపు మనిషే. కూలిపనికి పట్నం వచ్చి, తర్వాత టీ కొట్టు పెట్టుకున్నాడు. సార్ అక్కడ తడి గ్లాసును బల్ల మీద పెట్టి తీసి, పెట్టి తీసి, గుండ్రటి గుర్తులు వేసేవారు. ఒక గుండ్రంలో కాకులు, ఒక గుండ్రంలో నల్లటివి. "అన్నా, జర బల్ల తుడువకు, క్లాస్ నడుస్తున్నది" అనేవారు.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. సొంతంగా పజిళ్లు కట్టేవారు. అన్నీ మన ఊరివే. అంబర్‌పేట్ నుంచి ఒక బస్సు, విద్యానగర్ నుంచి ఒక బస్సు బయల్దేరుతాయి. ఒక కండక్టర్ ఎప్పుడూ నిజమే చెబుతాడు, రెండోవాడు చిల్లర విషయంలో మాత్రం అబద్ధమాడతాడు. ఇట్లాంటివి. అవి నేను ఇంగ్లీషులో టైపు చేసి, పడమటి దేశంలో పజిళ్ల పిచ్చి ఉన్నవాళ్ల సంఘం ఒకటుంటే దానికి ఈమెయిల్ పంపేదాన్ని. వాళ్లకి తెగ నచ్చేవి. అంబర్‌పేట్ అంటే ఏమిటని ఒకాయన అడిగితే, సార్ రెండు పేజీల జవాబు రాయించారు. ఇట్లా కొన్నేళ్లు నడిచాక వాళ్లు ఏటా జరుపుకునే సభకి ఆయన్ని రమ్మన్నారు. రానూపోనూ ఖర్చులు వాళ్లవే.

ఆ ఈమెయిల్ నేనే ఆయనకి చదివి వినిపించాను. అప్పుడు కూడా హెల్మెట్ ఉంది కాబట్టి మొహం ఎట్లా పెట్టారో నాకు తెలియదు.

మర్నాడు సుల్తాన్ బజార్ వెళ్లి స్వెటర్, మంకీ క్యాప్ కొనుక్కొచ్చారు. అక్కడి చలి ఎట్లుంటదో ముందే అలవాటు చేసుకోవాలని, మే నెలలో, స్వెటర్ వేసుకుని క్లాస్ చెప్పడం మొదలుపెట్టారు. "సార్, చలికి అలవాటు పడాలంటే స్వెటర్ తీసెయ్యాలె గద?" అని ఒకమ్మాయి అడిగింది. సార్ కాసేపు ఆలోచించి, "కరెక్ట్" అని స్వెటర్ విప్పి, ఆ అమ్మాయికి చాక్‌పీసు బహుమతి ఇచ్చారు.

వీసా కోసం వెళ్లొచ్చినరోజు నేరుగా మా దుకాణానికే వచ్చారు. చేతిలో రంగు కాగితం ఒకటి. అద్దం వెనక కూర్చున్న ఆయన మర్యాదగానే మాట్లాడి, వేళ్ల ముద్రలు తీసుకుని, ఇది ఇచ్చాడట. మీ దరఖాస్తుకు అదనపు పరిశీలన అవసరం అని దాని సారాంశం.

"అదనపు అంటే ఎన్ని రోజులు సార్?"

"అడిగిన. అది కూడ పరిశీలనల ఉన్నదట."

వారాలు గడిచాయి. ఒక విద్యార్థి కంప్యూటర్లో వెతికి సంగతి కనిపెట్టాడు. ఆ దేశం వాళ్లు తమకు ప్రమాదకరమైనవాళ్ల పేర్లు ఒక జాబితాగా పెట్టుకుంటారు. అందులో సార్ పేరున్న మనిషి ఒకడు ఉన్నాడు. ఎక్కడో కొండల దేశంలో, ఏదో తుపాకుల ముఠాకి నాయకుడట. ఆయన వివరాలు నేను ప్రింటు తీసి సార్‌కి ఇచ్చాను. పుట్టిన సంవత్సరం ఇంచుమించుగా ఫలానా. ఎత్తు మధ్యస్థం. గడ్డం ఉండవచ్చు.

సార్ పెన్సిల్ తీసి ఒక్కో మాట కింద గీత గీశారు. "గడ్డం ఉండవచ్చు. అంటే ఉండకపోవచ్చు కూడ. ఎత్తు మధ్యస్థం. అమ్మా, నువ్వు మధ్యస్థమే, టీ అన్న మధ్యస్థమే. గీ లెక్కల్లకు ఎవలు రారు? మీ మామగారు వస్తరు."

మా మామగారు పక్కనే కూర్చుని జిరాక్సు కాగితాలు సర్దుతున్నారు. ఆయన గడ్డం తడుముకున్నారు.

అప్పట్నుంచి వీసా ఆఫీసుకి ఉత్తరాలు మొదలయ్యాయి. మొదటి ఉత్తరం మొదటి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తే: "మహాశయా, నేను ఆయన్ని కాను." దానికి జతగా సర్వీసు సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల మెమో, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, తాను పనిచేసిన బడి ప్రధానోపాధ్యాయుడు ఇచ్చిన నడవడి పత్రం. ఆ పత్రంలో "వీరు ముప్పై రెండేళ్లు ఈ జిల్లాలోనే లెక్కలు చెప్పారు, మరెక్కడా మరేమీ చేసే తీరిక వీరికి లేదు" అని రాసి ఉంది. అదే వాళ్లావిడ నోట ఇంకా గట్టిగా విన్నాను. మందుల షాపుకి వచ్చి మా దగ్గర ఆగినప్పుడు ఆమె అన్నది: "పెండ్లయి ఇన్ని సంవత్సరాలాయె బిడ్డా, ఒక్కరోజు పాల ప్యాకెట్ యాదుంచుకొని తేలె. ఈయన పోయి ముఠాలు నడుపుతడట. నడిపితే నడుపనియ్యి, జర పాలు గూడ తెమ్మను."

కొన్నాళ్లకి వీసా వాళ్ల దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. మొదటి ప్రశ్న: ఈ పేరు గల ఇతర వ్యక్తులు ఎవరైనా మీకు తెలుసా? తెలిస్తే వివరాలు ఇవ్వండి.

సార్ రాయమన్నారు. ఒకటి, తన తోడల్లుడి అన్న. రెండు, నారాయణగూడలో గుడ్లు టోకుగా అమ్మే ఆయన. మూడు, బడిలో తనతో పనిచేసిన డ్రిల్లు మాస్టారు. అట్లా తొమ్మిదిమంది. నేను చేతులు కీబోర్డు మీంచి తీసేశాను.

"సార్, 'తెలియదు' అని పెడదాం. ఒక్క మాటతో అయిపోతది."

"తెలుసు గద అమ్మా. తెల్వదని ఎట్ల రాస్తం? అబద్ధం రాసిననుకో, గప్పుడు నిజంగనే అనుమానం పడతరు."

తొమ్మిది పేర్లూ వెళ్లాయి. తొమ్మిదీ ఒకటే పేరు. మూడు వారాల తర్వాత గుడ్లాయన మా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఎవరో ఇంగ్లీషుల ఫోన్ చేసి నేనెవరని అడుగుతుండ్రు. గుడ్లమ్ముత అంటే ఎన్ని గుడ్లు, ఎవరికి అంటరు. ఏందక్కా ఇది?" సార్ ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తాగించి, గుండ్రటి గుర్తులు వేసి విషయం చెప్పారు. గుడ్లాయన అంతా విని, "అంటే ఇప్పుడు నేను కూడ 'నేను కాదు' అని రాయాల్నా?" అన్నాడు. అదే రోజు ఆయనకీ ఒక ఉత్తరం టైపు చేశాను. సార్ ఉత్తరమే. కింద అడ్రసు మార్చానంతే.

తర్వాత ఒక కానిస్టేబుల్ విచారణకు వచ్చాడు. పై నుంచి ఏదో కాగితం వచ్చిందట. సార్ ఇంటికి వెళ్తే ఆయన మా దగ్గర ఉన్నారని చెప్పారట. లోపలికి అడుగు పెట్టి, సార్‌ని చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మూడేళ్ల కింద పై అంతస్తులో రెండో బెంచీలో కూర్చున్నవాడు. రీజనింగ్ పేపరు గట్టెక్కిస్తేనే ఉద్యోగం వచ్చినవాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. అడగక తప్పది. మీరు ఆయన కాదు గద?"

సార్ కుర్చీ చూపించారు. "కూసో. ఇచ్చిన వాక్యాలు చెప్పు."

కానిస్టేబుల్ కాగితం చూసి చెప్పాడు. "ఆయన పేరు ఇది సార్. మీ పేరు ఇది. ఆయనకు గడ్డం ఉండొచ్చు. మీకు ఉన్నది."

"నిర్ణయం?"

అతను గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. "ఇచ్చిన సమాచారం సరిపోదు సార్."

"శభాష్! గదే రాయి."

"గట్ల రాస్తే మళ్ల విచారణ చెయ్యమంటరు సార్."

"చెయ్యి. రోజూ రా. నీకేం, చాయ్ ఇస్త."

అతను అదే రాశాడు. చెప్పినట్టే మళ్లీ విచారణకు పంపారు. మూడుసార్లు వచ్చాడు. మూడోసారికి ప్రమోషన్ పరీక్ష పుస్తకం కూడా వెంట తెచ్చుకున్నాడు.

నవ్వుకుంటున్నాం గానీ, ఆ రోజుల్లో సార్ కొంచెం తగ్గారు. ఇంటి ఓనరు, మంచాయనే, పండగకి సేమ్యా తిని వెళ్లే మనిషి, పోలీసు మూడోసారి రావడం చూసి, "సార్, నాదేం లేదు, వాడకట్టోళ్లు అడుగుతున్నరు" అన్నాడట. సార్ ఆ మాట నాకు చెప్పారు. తర్వాత అన్నారు:

"ఎక్కడో ఒక దొర మైకు ముందట నిలబడి ఒక మాటంటడు అమ్మా. ఆ మాట సముద్రాలు దాటి వచ్చి మా ఇండ్లల్ల ఏదో ఒక సామాను కదిలిస్తది. మా మేనమామ కొడుకు అరబ్బు దేశంల పన్జేస్తుండె, వీళ్ల యుద్ధమొచ్చె, కట్టుబట్టలతోటి వాపస్ వచ్చిండు. మా తమ్ముని బిడ్డ యూరప్‌ల సదువుతుండె, తల మీద బట్ట తీస్తేనే బడి అన్నరు. ఇంకో దొర వచ్చి ఫలానా దేశాలోళ్లు మా కాడికి రావద్దు అనె. పోనియ్యి, వాళ్లు దేశం దాటి పోయినోళ్లు. నేను ఎటూ పోలే. నారాయణగూడల ఉన్న. నన్ను గూడ ఆపిండ్రు."

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చిక్కడపల్లిలో న్యూమరాలజీ చూసే ఆయన పంపే గిరాకీ నా దగ్గరికి చాలా వస్తుంది. పెళ్లి కావడానికి ఇంగ్లీషు పేరులో ఒక 'ఏ', వ్యాపారానికి రెండు 'ఐ'లు కలిపించుకుని గెజిట్‌లో వేయించుకుంటారు. "సార్, మీ పేర్ల కూడ ఒక అక్షరం కలుపుదాం. ఫారం నా దగ్గర్నే ఉన్నది" అన్నాను. ఆయన మొదట వద్దన్నారు. తర్వాత, చూడడంలో తప్పేముంది అన్నారు. ఒక అక్షరం కలిపి జాబితాలో వెతికాను. ఉంది. ఒకటి తీసేసి వెతికాను. అదీ ఉంది. ఆ కొండల దేశపు మనిషి పేరుకి ఏడు స్పెల్లింగులు రాసి పెట్టుకున్నారు వాళ్లు. సార్ పేరుని ఎన్ని రకాలుగా తిప్పినా ఆయన ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు.

"ఈయన మనకంటె హుషారున్నడు" అని నవ్వారు సార్. ఆ నవ్వులో తొలిసారిగా ఆ మనిషి మీద ఏదో చుట్టరికం వినిపించింది నాకు.

ఆ తర్వాత కొన్ని వారాలకే ఆ వార్త వచ్చింది. పొద్దున పది గంటలు. టీ కొట్టు టీవీలో ఆ దేశపు అధ్యక్షుడు, వెనక జెండాలు, ముందు మైకులు. పేరు ఉచ్చరించడం రాక రెండుసార్లు తడబడి, ఆ పేరుగల మనిషిని తమ విమానం ఆకాశం నుంచి కొట్టి చంపిందని, ఇప్పుడు ప్రపంచం హాయిగా ఉందని చెప్పాడు. టీ కొట్టు ముందున్నవాళ్లంతా గ్లాసులు బల్ల మీద పెట్టేశారు. తర్వాత పెద్ద గోల.

"సార్, మీరు చచ్చిపోయిండ్రు!" అని ఒక విద్యార్థి మేడ మీదికి పరుగెత్తాడు. సార్ చాక్‌పీసుతోనే కిందికి వచ్చారు. అందరూ చేతులు కలుపుతున్నారు. "ఇగ అడ్డం ఎవరు సార్? వీసా వచ్చినట్టే." టీ అన్న పక్కనున్న మిఠాయి కొట్టు నుంచి బూందీ లడ్లు తెచ్చి పంచాడు. మొదటిది సార్ చేతిలో పెట్టాడు. సార్ నవ్వారు. నేను చూశాను, నిజంగా సంతోషంగానే నవ్వారు. సగం కొరికారు.

టీవీలో వార్త ఇంకా అయిపోలేదు. బాంబు పడ్డ ఇంట్లో ఇంకొంతమంది కూడా ఉన్నారని, ఎంతమందో ఇంకా తేలలేదని చెబుతున్నారు. వెనక బొమ్మలో ఒక కూలిన గోడ, గోడ మీద ఆరేసిన చిన్న చొక్కా. సార్ నమలడం ఆపేశారు. నోట్లో ఉన్నది మింగలేదు, ఉమ్మలేదు. అట్లాగే నిలబడ్డారు. తర్వాత మిగతా సగాన్ని బల్ల మీద పెట్టి పైకి వెళ్లిపోయారు. ఆ పూట క్లాస్ చెప్పలేదని పిల్లలు అన్నారు. బోర్డు వైపు తిరిగి ఊరికే నిలబడ్డారట.

నాలుగు రోజుల తర్వాత ఉర్దూ పేపరు పట్టుకుని మా దుకాణానికి వచ్చారు. లోపలి పేజీలో చిన్న వార్త. నాకు ఉర్దూ రాదు. ఆయన వేలు పెట్టి చదివి చెప్పారు. చచ్చిపోయింది ముఠా నాయకుడు కాదట. ఆ పేరే ఉన్న ఇంకొకాయన. ఆ ఊళ్లో పుచ్చకాయలు అమ్ముకునేవాడు. పొరపాటు జరిగింది, విచారిస్తున్నాం అని దాడి చేసిన దేశపు ప్రతినిధి ఎవరో అన్నాడు. నాయకుడు ఎక్కడో బతికే ఉన్నాడు.

"ఈ లొల్లిల ఆ నాయకుడు, నేను, ఇద్దరమే అనుకున్న అమ్మా," అన్నారు సార్. "ముగ్గురం ఉంటిమి. ఈ పుచ్చకాయలాయన గురించి ఎవరు చెప్పలే."

సార్ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆయన కూడ నా లెక్కనే. ఆయన కూడ 'నేను కాదు' అందామనుకున్నడో ఏమో. ఎవరికి రాస్తడు? దగ్గర్ల జిరాక్స్ షాపు ఉండెనో లేదో."

ఆ రోజే వీసా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని ఒక ఉత్తరం రాయించారు. పజిళ్ల సంఘానికి కూడా, రాలేనని, ఆరోగ్యం బాగాలేదని రాయమన్నారు. సంఘం వాళ్లు బాధపడుతూ జవాబిచ్చారు. వీసా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, దరఖాస్తు పరిశీలనలో ఉన్నందున ప్రస్తుతం దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. నాకు తెలిసినంతవరకూ అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఆ ఉత్తరాలు రాయించిన మర్నాడే, పుచ్చకాయలాయన ఇంటివాళ్లకని ఇంకో ఉత్తరంతో వచ్చారు. ఉర్దూలో చేత్తో రాసుకొచ్చారు. వాళ్లకి ఉర్దూ రాకపోతే పనికొస్తుందని, ఇంగ్లీషులో ఇంకో కాగితం టైపు చెయ్యమని నాకు తెలుగులో చెప్పారు. చిన్న ఉత్తరం.

"మీ ఇంటి పెద్ద పేరూ నా పేరూ ఒకటే. ఆయన పోయిన వార్త విన్నప్పుడు, పోయింది వేరే మనిషి అనుకుని నేను సంతోషపడ్డాను. సగం లడ్డు తిన్నాను. అందుకు నన్ను క్షమించండి. మీ ఇంట్లో ఎవరైనా మిగిలారా? ఉంటే జవాబు రాయండి. మా ఊళ్లో కూడా ఎండాకాలం పుచ్చకాయలు మంచివి వస్తాయి."

"పుచ్చకాయల సంగతి ఎందుకు సార్ ఇందులో?"

"ఆయన గురించి నాకు తెలిసింది అదొక్కటే గద."

పోస్టాఫీసుకి నేనూ వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, పంపేటోళ్ల కాడ మీ పేరు రాసిండ్రు. మంచిగుంది. అందుకునేటోళ్ల కాడ కూడ మీ పేరే రాసిండ్రు."

"అది ఆయన పేరు."

"ఆధార్ల మీది ఇదే పేరున్నది గద?"

"ఇది నా పేరు. అది ఆయన పేరు. ఆయన ఇంటోళ్లకు పోవాలె."

"ఆయన లేడా?"

"చనిపోయిండు."

కౌంటర్ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంటి నంబరు లేదు సార్. 'కూలిన ఇల్లు' అని రాసిండ్రు. కూలిన ఇంట్ల పోస్ట్‌మన్ ఎవరికిస్తడు?"

"పక్కింటోళ్లకు తెలుస్తది. పుచ్చకాయలాయన ఇల్లంటే ఊరందరికి తెలుస్తది."

వెనక లైను పెరుగుతోంది. ఎవరో "జర జల్దీ కానియ్యుండ్రి" అన్నారు. కౌంటర్ ఆయన ముద్ర కొట్టి, రసీదు ఇస్తూ, "పోతదో లేదో నేను చెప్పలేను సార్" అన్నాడు. సార్ రసీదు జేబులో పెట్టుకుని, "తెలియంది తెలియదు అన్నవు. అది చాలు" అన్నారు.

అయిదు నెలలు పట్టింది తిరిగి రావడానికి. ఒక మధ్యాహ్నం సార్ ఆ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. దాని మీద మూడు నాలుగు దేశాల ముద్రలున్నాయి. అందుకునేవారు లేరు అని ఎవరో రాశారు. కవరు అంచు ఒక పక్క బ్లేడుతో సాఫీగా కోసి, మళ్లీ తెల్ల టేపుతో అతికించి ఉంది. లోపలి కాగితాలు మేం మూడు మడతలు పెట్టి పంపాం. ఇప్పుడు నాలుగు మడతలున్నాయి. ఇంగ్లీషు కాగితంలో ఒకచోట సన్నగా పెన్సిల్ గీత. "మీ ఇంట్లో ఎవరైనా మిగిలారా?" అన్న వాక్యం కింద.

"సార్, ఎవరో విప్పి చూసిండ్రు. మళ్ల ఏం పరేషానీ వస్తదో. దీన్ని చింపేద్దాం."

ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని ఆ గీతనే చూస్తున్నారు. "చదివిండ్రమ్మా," అన్నారు మెల్లగా. "ఎవరో, ఏ దేశపోడో, కూసొని చదివిండు. ఈ లైను కాడికి వచ్చి ఆగిండు. పెన్సిల్ తీసిండు."

"తీస్తే?"

"తీసి జవాబు మాత్రం రాయలే." కాగితం అడుగున వేలు పెట్టి చూపించారు. సార్ సంతకం కింద రెండంగుళాల తెల్లటి చోటు ఉంది. "రాయాలంటే జాగా లేకపాయె పాపం."

నేను ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం ఏమీ లేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, జేబులోంచి కొత్త కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదే ఉత్తరం మళ్ల తియ్యమ్మా. ఒక్క అక్షరం మార్చకు. ఈసారి కింద మాత్రం జర ఎక్కువ జాగా వదులు."

పాత ఫైలు తెరిచి, సంతకం కింద ఎంటర్ మీద వేలు పెట్టి నొక్కుతూ పోయాను. ఆయన తెర వైపు చూస్తూ, "ఇంకొంచెం," అన్నారు. "ఇంకొంచెం."